డీజిల్ పాఠం - లేవని వ్యాను

ఒక గ్రంథాన్ని విమర్శించేటప్పుడు అందులో ఏమున్నదో చెప్పి, ఏది లేదో కూడ చెప్పటం విమర్శకుని విధి. ఈ వ్యాసంలో నేను విమర్శించబోయేది ఒక గ్రంథాన్ని కాదు, ఒక పాఠాన్ని. డీజిల్ యంత్రాన్ని గురించి మన పాఠ్యపుస్తకాలు, వాటిని చూసి తయారైన గైడ్లు, జనరంజకంగా వ్రాసిన వ్యాసాలు ఏకకంఠంతో చెప్పే పాఠం అది. దానిని నేనూ ఎన్నో సంవత్సరాలు తరగతిలో చెప్పినవాడనే గనుక, ఈ విమర్శలో కొంత భాగం నాకే తగులుతుందని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

సందర్భం చెబుతాను. విజయనగరానికి పొరుగున, చంపావతి నది ఒడ్డున ఉన్న నెల్లిమర్ల జూట్ మిల్లు పేరుతో చాలమందికి తెలిసిన ఊరు. అక్కడ నాకు పరిచయమున్న ఒకాయన పాత డీజిల్ వ్యానులో చుట్టుపక్కల పల్లెల నుండి కూరగాయలు పోగుచేసి, తెల్లవారకముందే విజయనగరం చేరుస్తాడు. అది కంప్యూటరు లేని పాతకాలపు బండి. సంక్రాంతికి ముందు చలిరోజులలో ఆ వ్యాను ఉదయంపూట మొండికేయటం మొదలుపెట్టింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గాని అందుకోదు. పది నిమిషాలు తంటాలు పడితే ఒక్కొక్కప్పుడు లేస్తుంది. ఒక్కసారి లేచిందంటే ఇక సాయంత్రం వరకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆలస్యమైన ప్రతిరోజూ సరుకు ధర పడిపోతుంది. ఆకుకూర ఎండ ఎక్కేవరకు ఆగదు గదా!

ఆయన నా దగ్గరకు వచ్చి చెప్పుకున్నది ఇది: "బేటరీ కొత్తది ఏయించీసినాను మాస్టారూ. హీటర్ ప్లగ్గులు మార్పించీసినాను. ఇప్పుడు పంపు ఇప్పీయాలంతన్నారు. ఏటి సెయ్యమంతారు?"

ఆయన కుమార్తె ఇంటర్ చదువుతున్నది. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో డీజిల్ యంత్రపు పటం ఎంతో చక్కగా ఉన్నది. నాలుగు ఘాతాలూ, రెండు కవాటాలూ, బాణపు గుర్తులూ అన్నీ ఉన్నాయి. పటం చూసిన తండ్రి, "ఇందులో మన బండికొచ్చిన రోగం ఎక్కడుందమ్మా?" అని అడిగాడట. అమ్మాయి జవాబు చెప్పలేకపోయింది. ఆ ప్రశ్నే ఈ విమర్శకు మూలం.

పాఠంలోని గుణాలు

పాఠం చెప్పే విషయం సంగ్రహంగా ఇది. మొదటి ఘాతంలో ముషలకం, అనగా పిస్టన్, కిందికి దిగి గాలిని మాత్రమే లోనికి పీలుస్తుంది. రెండవ ఘాతంలో పైకి వచ్చి ఆ గాలిని ఇరవయ్యవ వంతు వరకు సంపీడనం చేస్తుంది. గాలి తీవ్రంగా వేడెక్కుతుంది. అప్పుడు సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ నిప్పురవ్వ లేకుండానే మండుతుంది. మూడవ ఘాతంలో ఆ మంట ముషలకాన్ని నెడుతుంది. నాలుగవ ఘాతంలో పొగ బయటికి పోతుంది. పెట్రోలు యంత్రానికి స్పార్కు ప్లగ్గు ఉన్నది, దీనికి లేదు.

ఇందులో తప్పు లేదు. పైగా క్లుప్తత ఉన్నది, క్రమం ఉన్నది. సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం అడుగు వేడెక్కటం చూసిన పిల్లవాడికి సంపీడనంతో వేడి పుడుతుందనే మాట నమ్మశక్యంగానే ఉంటుంది. ఈ గుణాలను కాదనటం న్యాయం కాదు.

లోపం ఎక్కడున్నదంటే, ఈ పాఠం నడుస్తున్న యంత్రాన్ని గురించి మాత్రమే చెబుతున్నది. ఆగి ఉన్న యంత్రం ఎట్లా నడక మొదలుపెడుతుందో చెప్పదు. ఏ ఏ షరతులు నెరవేరితే ఆ నాలుగు ఘాతాలు సాగుతాయో, వాటిలో ఒకటి లోపిస్తే బయటికి ఏ గుర్తు కనిపిస్తుందో చెప్పదు. జబ్బును గురించి ఏమీ చెప్పని ఆరోగ్యశాస్త్రం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

డీజిల్ వ్రాసిన రెండు పుస్తకాలు

ఈ లోపం కొత్తది కాదు. యంత్రాన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కూడ మొదట ఇటువంటి పుస్తకమే వ్రాశాడు. 1858లో పారిస్‌లో జన్మించిన ఈ జర్మన్ ఇంజనీరు 1893లో హేతుబద్ధమైన ఉష్ణయంత్రపు సిద్ధాంతాన్ని, నిర్మాణాన్ని వివరిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. అప్పటికి యంత్రం లేదు, లెక్క మాత్రమే ఉన్నది. ఇంధనం మండుతున్నంతసేపూ ఉష్ణోగ్రత పెరగకుండా ఉండాలని ఆయన ఊహ. అందుకు గాలిని 250 వాతావరణ పీడనాల వరకు నొక్కవచ్చునని లెక్క వేశాడు. సిద్ధాంతరీత్యా ఆ లెక్క అందమైనది. కాని అంత పీడనంతో గాలిని నొక్కటానికే యంత్రం చేసే పనిలో ఎక్కువ భాగం ఖర్చయి, రాపిడికి పోగా చేతికి దక్కేది దాదాపు శూన్యమని త్వరలోనే తేలింది.

అదే సంవత్సరం ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో మొదటి ప్రయత్నం జరిగింది. ఆ యంత్రం తనంత తాను నడవలేదు. కర్మాగారపు పట్టీతో దానిని తిప్పవలసి వచ్చింది. ఇంధనం మండిన మాట నిజమే గాని, పీడనాన్ని కొలిచే సూచిక పగిలిపోయింది. 1894 ఫిబ్రవరిలో యంత్రం సుమారు ఒక నిమిషం సేపు తన శక్తితో తిరిగింది. మరి మూడేండ్లు సవరణలు జరిగిన తరువాత, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ జరిపిన పరీక్షలో దక్షత 26 శాతానికి కొంచెం పైన తేలింది. ఆనాటి మంచి ఆవిరి యంత్రాలతో పోల్చితే ఇది రెండింతలకు పైమాట.

1913లో, తాను చనిపోయిన సంవత్సరంలోనే, డీజిల్ ఇంకొక పుస్తకం ప్రకటించాడు. యంత్రం ఎట్లా పుట్టిందో చెప్పే ఆ పుస్తకంలో ఏ ప్రయత్నంలో ఏది విఫలమైందో, దానిని ఎట్లా సవరించిందీ వరుసగా ఉన్నది. మొదటి పుస్తకం యంత్రం ఎట్లా ఉండాలో చెప్పింది. రెండవది యంత్రం ఎందుకు నడవలేదో చెప్పింది. మన పాఠాలు ఇప్పటికీ మొదటి పుస్తకపు ధోరణిలోనే నడుస్తున్నాయి. డీజిల్ ఓడ నుండి మాయమైన కథను ఆసక్తితో వ్రాసే జనరంజక వ్యాసాలు కూడ రెండవ పుస్తకపు జోలికి పోవు.

మొదటి లోపం: వేడిని లెక్కించే పద్ధతి

సంపీడనంలో వేడి బయటికి పోదని, అనగా అది స్థిరోష్ణక ప్రక్రియ అని పాఠం అనుకుంటుంది. ఆ లెక్క వేసి చూద్దాం. 27 డిగ్రీల గాలిని, అనగా 300 కెల్విన్ గాలిని, ఇరవయ్యవ వంతుకు నొక్కితే ఘాతాంకం 1.4 చొప్పున ఉష్ణోగ్రత సుమారు 994 కెల్విన్, అనగా 721 సెంటిగ్రేడ్ డిగ్రీలు అవుతుంది. డీజిల్ మండటానికి ఇది చాలినంతకన్న ఎంతో ఎక్కువ. ఈ లెక్క ప్రకారం ఏ డీజిల్ బండీ ఎప్పుడూ లేవకుండా ఉండరాదు!

వాస్తవం వేరు. చల్లగా ఉన్న ఇనుపగోడలు వేడిని లాగుకుంటాయి. రింగుల సందుల నుండి కొంత గాలి జారిపోతుంది. ఈ నష్టాలను లెక్కలోకి తీసుకొని ఘాతాంకాన్ని 1.3 అనుకుంటే ఉష్ణోగ్రత సుమారు 464 డిగ్రీలు. నష్టాలు ఇంకా పెరిగి ఘాతాంకం 1.2కు దిగితే 273 డిగ్రీలు మాత్రమే. డీజిల్ క్షణంలో అంటుకోవటానికి ఇది చాలదు. ఈ నష్టం కాలం మీద ఆధారపడి ఉంటుంది. సెల్ఫ్ నిమిషానికి 200 చుట్లు తిప్పితే సంపీడనపు ఘాతానికి పట్టేది 0.15 సెకను. 80 చుట్లే తిప్పితే దాదాపు 0.38 సెకను. రెండవ సందర్భంలో గోడలు వేడిని దొంగిలించటానికి రెండున్నర రెట్లు సమయం దొరుకుతున్నది. బేటరీ బలహీనమైతే డీజిల్ బండి ఎందుకు లేవదో ఇప్పుడు సుస్పష్టం. అక్కడ బేటరీ నిప్పురవ్వను ఇవ్వదు, వేగాన్ని ఇస్తుంది. పాఠం ఈ ఒక్క వాక్యం చెప్పదు.

బేటరీ మంచిదైనా తీగల కీలు చెడితే ఇదే ఫలితం. సెల్ఫ్ 250 ఆంపియర్లు తీసుకునే బండిలో ఒక్క కీలు వద్ద 0.01 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం అక్కడే 2.5 వోల్టులు పోతాయి. 12 వోల్టుల బండికి అది పెద్ద నష్టం. పైగా 625 వాట్ల శక్తి ఆ కీలులోనే వేడిగా మారుతుంది. కాబట్టి సెల్ఫ్ కొట్టిన తరువాత కీళ్లను జాగ్రత్తగా తాకి చూస్తే దోషం వేలికే తెలుస్తుంది. పదవ తరగతిలో నేర్చిన ఓమ్ నియమానికి ఇంతకన్న మంచి ప్రయోగశాల దొరకదు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది. చలి వల్లనే బండి లేవదనే నమ్మకం శీతలదేశాల పుస్తకాల నుండి కొంతవరకు వచ్చినది. నెల్లిమర్లలో సంక్రాంతి ఉదయం 17 డిగ్రీలు ఉన్నదనుకుందాం. పై లెక్కలోనే, ఘాతాంకం 1.3 వద్ద, సంపీడనాంతపు ఉష్ణోగ్రత 464 నుండి 439కి దిగుతుంది. తేడా 25 డిగ్రీలు. అదే సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉన్న జర్మన్ ఉదయాన 361కి పడిపోతుంది. తేడా నూరు డిగ్రీలకు పైన. డీజిల్‌ను ముందుగదిలో మండించే పాత ఇంజనులకు మన చలిలోనూ హీటర్ ప్లగ్గు అవసరమే. అయినప్పటికీ మన ప్రాంతంలో చలిని మొదటి ముద్దాయిగా నిలబెట్టటానికి ముందు ఇతర సాక్ష్యం చూడాలి.

రెండవ లోపం: పటంలో తొట్టి లేదు

అమ్మాయి గీసిన పటాన్ని మరొకసారి చూశాను. ముషలకం ఉన్నది, కవాటాలున్నాయి, తుంపర చిమ్మే నాజిల్ ఉన్నది. ఆ నాజిల్‌కు డీజిల్ ఎక్కడినుండి వస్తున్నది? పటంలో తొట్టి లేదు, గొట్టం లేదు, ఫిల్టరు లేదు, పంపు లేదు. నాజిల్ పైభాగాన గొట్టం తెగిపోయి గాలిలో వేలాడుతున్నది. అన్ని పుస్తకాలలోనూ అట్లాగే ఉన్నది. నేను నల్లబల్ల మీద గీసినది కూడ అట్లాగే ఉండేది.

ఈ లోపం చిన్నది కాదు. ఒక్కొక్కసారి నాజిల్ చిమ్మే డీజిల్ వ్యానువంటి బండిలో కొన్ని పదుల ఘనమిల్లీమీటర్లు, అనగా ఒక నీటిచుక్క కన్న సాధారణంగా తక్కువ. ఆ కొద్దిపాటి ద్రవాన్ని వంద వాతావరణ పీడనాలకు పైగా నొక్కితేనే నాజిల్ తెరుచుకుంటుంది. ద్రవం దాదాపు నొక్కుడుపడదు; అంత పీడనంలోనూ డీజిల్ నూటికి ఒక పాలు మాత్రమే కుంచించుకుంటుంది. అందుకే పంపు కొంచెం కదిలినా నాజిల్ తెరుచుకుంటుంది. ఆ గొట్టంలో మిరియపుగింజంత గాలిబుడగ చేరితే? పంపు చేసే కదలిక అంతా ఆ బుడగను నొక్కటానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు. మెకానిక్కులు "ఎయిర్ పట్టింది" అనేది దీనినే. ద్రవాలకూ వాయువులకూ ఉన్న భేదాన్ని మనం తరగతిలో ఎప్పుడో చెబుతాము. ఆ భేదం ఒక బండిని నిలబెట్టగలదని మాత్రం చెప్పము.

వ్యానును అడిగిన ప్రశ్నలు

మర్నాడు తెల్లవారుజామున ఆయన ఇంటికి వెళ్లాను. ఏ భాగమూ విప్పకుండా మూడు ప్రశ్నలు అడగాలని నిశ్చయించుకున్నాము.

మొదటిది: ఇంజను చాలినంత వేగంగా తిరుగుతున్నదా? తిరుగుతున్నది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టుమీటరు పది వోల్టులకు పైనే నిలిచింది. కీళ్లు వేడెక్కలేదు. కనుక బేటరీ, సెల్ఫ్ నిర్దోషులు. కొత్త బేటరీకి పెట్టిన డబ్బు వృథా అయినదా అంటే, పాతదానిని ఎవరూ కొలిచి చూడలేదు గనుక చెప్పటం సాధ్యం కాదు. అదే విచారించవలసిన విషయం.

రెండవది: సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగగొట్టం నుండి ఏమి వస్తున్నది? అమ్మాయిని అక్కడ నిలబెట్టి చూడమన్నాము. ఈ ప్రశ్న ఎంతో విలువైనది. తెల్లని పొగ వస్తే డీజిల్ లోనికి చేరుతున్నది గాని మండటం లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులను, సంపీడనాన్ని, చిమ్మే వేళను అనుమానించాలి. నల్లని పొగ వస్తే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైందని అర్థం. పొగే లేకపోతే డీజిల్ చేరటమే లేదు. "ఏమీ రావట్లేదండీ" అన్నది అమ్మాయి. ఆ ఒక్కమాటతో హీటర్ ప్లగ్గుల మీది కేసు కొట్టివేయబడింది. ఇంటిలో లేని కట్టెకు అగ్గిపుల్ల గీస్తే ఏమి లాభం?

మూడవది: డీజిల్ ఎక్కడ ఆగిపోయింది? తాళంచెవి తిప్పగానే ఇంధనాన్ని వదిలే విద్యుత్ కవాటం "టిక్" మన్నది. కాబట్టి అది పనిచేస్తున్నది. ఫిల్టరు మీద ఉన్న చేతిపంపును నొక్కి చూశాము. మొదట మెత్తగా, ఖాళీగా నొక్కుకుంది. కొంతసేపు కొట్టిన తరువాత గట్టిపడింది. అప్పుడు సెల్ఫ్ కొడితే బండి వెంటనే అందుకుంది. ఈ ఒక్క పరీక్షతో తొట్టి, పెద్దపంపు, నాజిళ్లు, రింగులు అన్నీ ఒకేసారి విడుదలైనాయి. పంపు విప్పవలసిన అవసరం లేదని తేలిపోయింది. రాత్రి గొట్టంలో ఉండవలసిన డీజిల్ తెల్లవారేసరికి వెనక్కు జారిపోతున్నది. అనగా ఎక్కడో గాలి దూరుతున్నది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గొట్టం పొడవునా చూశాము. ఎక్కడా తడి లేదు. కారటం లేనిచోట చిల్లు ఎట్లా ఉంటుంది? ఆయన మరొక సంగతి చెప్పాడు. ఒకసారి రామతీర్థంలో రాత్రి ఉండిపోతే, అక్కడ ఉదయం బండి తేలికగా లేచిందట. ఇంటివద్దనే పేచీ. "ఏటిగాలి సలవ మాస్టారూ" అని ఆయన ఊహ. అది తెలివితక్కువ ఊహ కాదు. ఏటి ఒడ్డున చలి ఎక్కువే. కాని రెండు స్థలాలకు ఇంకొక భేదం కూడ ఉన్నది. రామతీర్థంలో బండి నిలిపినది చదును నేల మీద. ఇంటివద్ద గట్టు వాలు మీద, ముఖం ఎత్తుగా ఉండేటట్లు నిలుపుతాడు.

స్కేలుతో కొలిచాము. చదును మీద తొట్టిలోని డీజిల్ మట్టం ఫిల్టరు కన్న సుమారు 40 సెంటీమీటర్లు దిగువన ఉన్నది. వాలు మీద ముఖం ఎత్తితే ఆ తేడా 90 సెంటీమీటర్లవుతుంది. అనగా ఫిల్టరు దగ్గర గొట్టంలోని పీడనం బయటి వాతావరణ పీడనం కన్న సుమారు 7 శాతం తక్కువ. రాత్రంతా ఆ డీజిల్ స్తంభం వాతావరణ పీడనం వల్లనే నిలబడి ఉన్నది. కొబ్బరిబొండాంలోని గొట్టాన్ని పైన వేలితో మూసి పైకెత్తితే నీళ్లు అందులోనే నిలుస్తాయి గదా, అట్లాగే. వేలు కొంచెం వదులైతే నీళ్లు జారిపోతాయి. ఇక్కడ వేలు ఎక్కడో వదులైంది. పీడనం లోపల తక్కువ, బయట ఎక్కువ గనుక ఆ సందునుండి గాలి లోనికి పోతుంది గాని డీజిల్ బయటికి రాదు. అందుకే తడి లేదు.

చలి కారణమా, వాలు కారణమా? ఈ తగవు తీర్చటానికి ఆ సాయంత్రం బండిని అదే చోట వెనక్కు తిప్పి నిలిపాము. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాము. చోటు అదే, ఏటిగాలి అదే, చలి అదే. మారినది ఎత్తు ఒక్కటే. ఇప్పుడు తొట్టిమట్టం ఫిల్టరు కన్న కొంచెం పైన ఉన్నది. మర్నాటి ఉదయం బండి మొదటి సెల్ఫ్‌కే లేచింది. అంతేకాదు, ఫిల్టరు పైభాగాన గొట్టాన్ని బిగించే బోల్టు చుట్టూ సన్నని తడి కనిపించింది. లోపలి పీడనం ఇప్పుడు ఎక్కువైనందువల్ల రోజూ గాలిని పీల్చిన సందే డీజిల్‌ను బయటికి వదిలి తన చిరునామా తానే చెప్పింది. ఆ బోల్టు కింది రేకువాషర్ నలిగి, గీతలు పడి ఉన్నది. ఫిల్టరు మార్చినప్పుడు పాత వాషర్‌నే తిరిగి వేశారని తేలింది. కొత్త వాషర్ ఖరీదు ఒక టీ ఖరీదంత. అది వేసి, బండిని పూర్వంలాగే ముఖం ఎత్తుగా నిలిపి మూడు ఉదయాలు చూశాము. మూడుసార్లూ వెంటనే లేచింది. అప్పుడే దోషం దొరికిందని నమ్మాము.

మార్చి చూడటం అనే పద్ధతి

బజారు మెకానిక్కులను తూలనాడటం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. చలికాలంలో ఉదయం లేవని బండ్లలో బేటరీ బలహీనమైనవి చాల ఉంటాయని వారికి అనుభవం నేర్పింది. అది విలువైన జ్ఞానమే. లోపం ఏమంటే, అనుమానం కలగగానే పరీక్షించటానికి బదులు భాగాన్ని మార్చటం. మార్చటం కూడ ఒక పరీక్షే గాని అది అన్నిటికన్న ఖరీదైన పరీక్ష, ఆ ఖర్చు భరించేది బండివాడు. పొగను చూడటానికి ఏ ఖర్చూ లేదు. ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తరువాత. ఒక్కదెబ్బతో సగం అనుమానాలను తొలగించే పరీక్ష ముందు, ఒక్కదానినే తేల్చేది తరువాత. ఈ క్రమం శాస్త్రపద్ధతి. దీనిని నేర్పవలసిన బాధ్యత మెకానిక్కు కన్న పాఠశాలకే ఎక్కువ.

ఇప్పటి బండ్లలో కంప్యూటరు ఉన్నది గదా, దోషాన్ని అదే చెబుతుంది గదా అని కొందరు అనవచ్చు. మనదేశంలో 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణాల డీజిల్ బండ్లలో ఇంధనపీడనాన్ని, ఇంజను తిరిగే వేగాన్ని కంప్యూటరే కనిపెట్టి చూస్తుంది. పీడనం చాలినంత లేకపోతే నాజిళ్లను తెరవనే తెరవదు. కాని అది చూపే సంకేతం "పీడనం తక్కువ" అని మాత్రమే. ఎందుకు తక్కువ? ఫిల్టరు పూడుకుపోయిందా, గాలి దూరుతున్నదా, పంపు అరిగిందా? ఆ సంకేతం ఒక పరిశీలన, కారణం కాదు. వెంటనే పంపు మార్చేవాడు పూర్వపు తప్పునే కొత్త పరికరంతో చేస్తున్నాడు.

పాఠాన్ని సమర్థించేవారు ఇంకొక మాట అనవచ్చు: విద్యార్థులందరూ మెకానిక్కులు కానక్కరలేదు, సరళం చేయకపోతే పాఠం సాగదు. మొదటిమాట నిజం. రెండవమాట కూడ నిజమే. కాని సరళం చేసినప్పుడు ఏది వదిలిపెట్టామో చెప్పాలి. నాజిల్ పైన తెగిన గొట్టాన్ని పటంలో తొట్టి వరకు పొడిగించటానికి ఒక గీత చాలు. "నష్టాలు లేవనుకుంటే" అని ఒక మాట చేర్చి, ఆ నష్టాలు పెరిగితే ఏమవుతుందో ఒక లెక్క ఇవ్వటానికి నాలుగు పంక్తులు చాలు. పరీక్షలో "నాలుగు ఘాతాలను వర్ణింపుము" అని అడిగే చోట, "ఇంజను వేగంగానే తిరుగుతున్నది, పొగ రావటం లేదు, ఏ భాగాలు నిర్దోషులు, ఎందుచేత?" అని అడగవచ్చు. ఆ జవాబును ఏ గైడు నుండీ కంఠస్థం చేయటం సాధ్యం కాదు.

ఉపాధ్యాయులకు ఒక సూచన, ఒక హెచ్చరిక. రెండడుగుల పారదర్శకమైన గొట్టం, రంగునీళ్లు, ఒక సూది ఉంటే తరగతిలోనే ఈ ప్రయోగం చేయవచ్చు. నీళ్లు పీల్చి పైకొన మూసి నిలబెట్టి, పైభాగాన సూదితో చిన్న చిల్లు పొడవండి. గాలి లోనికి పోతుంది, చుక్క బయటికి రాదు, స్తంభం జారిపోతుంది. గొట్టాన్ని కిందికి వంచితే అదే చిల్లు కారుతుంది. ఇక హెచ్చరిక. నడుస్తున్న బండి దగ్గర పిల్లలను వదలరాదు. డీజిల్ పీడనపు గొట్టాలను, ముఖ్యంగా కొత్తరకం బండ్లలో, ఊరకే వదులు చేయరాదు. ఆ పీడనంతో చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. బండి లేవటానికి గాలి పీల్చే గొట్టంలో పెట్రోలు గుడ్డ పెట్టటం, ఈథర్ చల్లటం కొందరికి అలవాటు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులో అది అక్కడే భగ్గుమనవచ్చు.

బండి బాగుపడిన తరువాత అమ్మాయి అడిగింది: "ఇది మా పుస్తకంలో ఎక్కడుందండీ?" ఆలోచించి చూస్తే ఉన్నది. ఉష్ణయంత్రాల పాఠంలో కాదు, ఎన్నో తరగతుల క్రింద చదివి మరచిపోయిన వాతావరణ పీడనపు పాఠంలో ఉన్నది. బేటరీ సంగతి విద్యుత్తు పాఠంలో, బుడగ సంగతి ద్రవాల పాఠంలో ఉన్నాయి. వేరువేరు గదులలో పెట్టి తాళం వేసిన ఈ పాఠాలన్నీ ఒక లేవని వ్యానులో కలిసి ఉన్నాయి. ఆ అమ్మాయి తన పటంలో నాజిల్ పైన తెగిపోయిన గొట్టాన్ని పొడిగించి, ఫిల్టరునూ తొట్టినీ గీసి, బోల్టు దగ్గర ఒక చిన్న గుండ్రని గుర్తు పెట్టింది. పరీక్షలో దానికి మార్కులు రావు. వచ్చే రోజు కోసం మన పుస్తకాలు వ్రాసేవారూ, ప్రశ్నపత్రాలు కూర్చేవారూ పనిచేయవలసి ఉన్నది.